పెట్టెతో సహా ఇరవై మూడు కిలోలు

కాటా మేస్త్రి తన యాభై రెండో ఏట, మోకాళ్లు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేసిన వయసులో, ఒక కొండ ఎక్కాడంటే అందుకు మొదటి ముద్దాయి అతని బావమరిది. ఈ బావమరిది డిగ్రీ చదివాడు. ఎవరింటికి వెళ్లినా ఆ సంగతి ముందు చెప్పి తరవాత కూర్చుంటాడు. కొండ కింది ఊళ్లో ఉన్న గోడౌన్‌కి ఫోన్ చేసిందీ, బస్సు టికెట్టు తీసిందీ అతనే. "బావా, శనివారం పొద్దున తొమ్మిదికి వెళ్లి కాటా చూసెయ్. సాయంత్రం బస్సుకి వచ్చెయ్. నేనన్నీ మాట్లాడేశాను" అన్నాడు. ఆరో తరగతితో బడి మానేసిన మేస్త్రి శనివారం పొద్దున తొమ్మిదికి గోడౌన్ గేటు ముందు నిలబడి, దానికి వేలాడుతున్న బోర్డుని కూడబలుక్కుని చదివాడు. శని, ఆదివారాలు సెలవు. ఒక్కో అక్షరం అరచేయంత ఉంది.

మేస్త్రికి ఆ గోడౌన్ పని కావాలి. ఏదో దొరికితే చేద్దాంలే అన్న రకం కాదు, కచ్చితంగా కావాలి. ఇంటి దగ్గర అతని దుకాణానికి ఆ నెల మొత్తం మీద మరమ్మతుకు వచ్చినవి మూడు కాటాలు. అందులో ఒకటి పిల్లలు ఆడుకునేది. జనం బ్యాటరీ కాటాలు కొంటున్నారు, చెడిపోతే పారేస్తున్నారు. ఈ గోడౌన్‌లో మాత్రం ముల్లు తిరిగే పాత కాటాలు ఇంకా పదకొండున్నాయి. వాటిని పన్నెండేళ్లు చూసిన మెకానిక్కు పని మానుకున్నాడు. "సోమవారం లోపు ఎవరైనా వచ్చి పెద్ద కాటాని పరీక్ష చేసి చూపిస్తే ఏడాది కాంట్రాక్టు అక్కడికక్కడే రాసిస్తాను. సోమవారం దాటితే వేరే మనిషిని చూసుకుంటాను" అన్నాడు మేనేజరు ఫోన్‌లో బావమరిదితో. ఆ కాగితం చేతికొస్తే దుకాణం నిలబడుతుంది. రాకపోతే అందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటానని బావమరిది ఆర్నెల్లుగా గోడలకి టేపు పెట్టి కొలుస్తున్నాడు.

పరీక్షకి కావలసిన సరంజామా మేస్త్రి వీపున సంచిలో ఉంది. ఒక చెక్క పెట్టె, అందులో మఖమల్ గుంటల్లో ఐదు ఇత్తడి గుండ్లు. పది కిలోలది ఒకటి, ఐదుది ఒకటి, రెండువి రెండు, కిలోది ఒకటి. ప్రతి దాని నెత్తిన తూనికల శాఖ ముద్ర. పని నేర్పిన గురువు మూడు షరతులు పెట్టి మరీ పెట్టె అప్పగించాడు. గుండుని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, చెమట పట్టిందంటే తూకం మారుతుంది. పెట్టెని పరాయివాడి తాళం కింద వదిలి వెళ్లకూడదు. లోపల ఏముందో దారిలో ఎవడికీ చెప్పకూడదు, ఇత్తడి అంటే దొంగకి మహా ఇష్టం. ముప్పై ఏళ్లుగా మేస్త్రి ఈ మూడూ తప్పలేదు.

లాడ్జిలో గది తీసుకుని, భోజనాల హాల్లో ఒక మూల కూర్చుని, సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని టీ తాగుతున్నాడు. పక్క బల్ల దగ్గర ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ ముందు రోజు అదే బల్ల దగ్గర పరిచయమైనవాళ్లే. ఒకామె లెక్కల టీచరు. సెలవుల్లో కూడా ఎర్ర పెన్ను వదలని మనిషి. రెండో ఆయన పళ్ల డాక్టరు. కొండలెక్కడం మీద ఒక పుస్తకం కొని, సగం చదివి, ఇంకా ఏ కొండా ఎక్కకుండా కాపాడుకుంటూ వస్తున్నాడు. మూడో ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఊరూ పేరూ ఎవరూ అడగలేదు, అందరూ బాబాయ్ అంటున్నారు. శనివారం సగం కొండ ఎక్కి అక్కడున్న గుడిసెలో పడుకోవడం, ఆదివారం పొద్దున శిఖరం చూసి సాయంత్రానికి దిగిపోవడం వాళ్ల ప్లాను. అన్నీ సర్దుకున్నారు, ధైర్యం ఒక్కటే ఇంకా సర్దుకోలేదు.

బాబాయ్ కుర్చీ జరుపుకోబోతూ అడ్డంగా ఉన్న సంచిని ఒంటిచేత్తో పక్కకి లాగాడు. సంచి కదల్లేదు, ఆయన నడుము కదిలింది.

"ఏం పెట్టారు నాయనా ఇందులో?"

"నా సామాను" అన్నాడు మేస్త్రి.

"ఎంతుంటుందేంటి?"

"పెట్టెతో సహా ఇరవై మూడు కిలోలు."

"దీన్ని మోసుకునే తిరుగుతారా?"

"ముప్పై ఏళ్ల నుంచీ. ఇది లేకుండా గడప దాటను" అని మేస్త్రి లేచి, సంచిని ఒక్క ఊపులో భుజానికెత్తుకుని, దారి ఇచ్చి మళ్లీ కూర్చున్నాడు. గోడౌన్ల మెట్లెక్కి ఎక్కి అతనికది అలవాటు. పక్క బల్ల వాళ్లు మాత్రం టీ తాగడం ఆపేశారు. డాక్టరు గబగబా పుస్తకంలో ఒక పేజీ తీసి టీచరుకి చూపించాడు. చేయి తిరిగిన కొండయాత్రికులు ఇరవై కిలోలకు పైగా మోస్తారని, అందులో గుడారం, స్టవ్వు, తాళ్లు, మందులు, రెండు రోజుల తిండి ఉంటాయని అక్కడ బొమ్మతో సహా ఉంది.

టీచరు వచ్చి ఎదురుగా కూర్చుంది. "అన్నగారూ, మీరు ఒక్కరేనా?"

"ఒక్కణ్నే. సోమవారం పొద్దున దాకా ఖాళీ."

"మాతో రాకూడదూ? మాకు ముందు నడిచే మనిషి కావాలి."

మేస్త్రిని ముందు నడవమని ఎవరైనా అడిగి చాలా ఏళ్లైంది. సొంత దుకాణంలోనే బావమరిది వచ్చినప్పుడల్లా లేచి స్టూలు ఇస్తున్నాడు. పైగా పిలిచినవాళ్లు తిండి పెడతారు, లాడ్జి కూడు తప్పుతుంది. పెట్టెని గదిలో వదిలి వెళ్లలేడు, తాళంచెవి లాడ్జి వాడి దగ్గర ఇంకొకటుంది. అందుకని పెట్టె కూడా వస్తుంది.

"కొండలు బాగా అలవాటేనా అన్నయ్యగారూ?" అన్నాడు డాక్టరు.

"అలవాటేముంది. ఒక కాలు తీసి ఇంకో కాలు ముందు వెయ్యడమే కదా."

డాక్టరు టీచరు వైపు చూసి తలాడించాడు. తెలిసినవాళ్లే అంత తేలిగ్గా మాట్లాడతారని పుస్తకం ముందుమాటలో రాసి ఉంది.

"మీ దగ్గర అన్నీ ఉన్నట్టేనా?" అంది టీచరు, సంచి వైపు చూస్తూ.

"ఒక్కటి తక్కువ లేదు. బయల్దేరేముందు నేనే చూసుకుంటాను, ఇంకొకళ్లని నమ్మను."

ఆ తరవాత మేస్త్రి చేసిన పనికి వాళ్లకి మిగిలిన అనుమానం కూడా పోయింది. జేబులోంచి చిన్న కొక్కెం కాటా తీసి, ముగ్గురి సంచులూ ఒక్కొక్కటే తగిలించి తూచాడు. సంచి చూస్తే తూచకుండా ఉండలేడు, అది అతని జబ్బు. "పదకొండున్నర. మీ నడుముకి ఇది తగదు బాబాయ్, నాలుగు తీసెయ్యండి" అన్నాడు. బాబాయ్ స్టవ్వు తీశాడు. "డాక్టరుగారూ, మీది తొమ్మిది. ఏముంది అందులో?"

"దుప్పట్లు, గిన్నెలు, మూడు కిలోల బియ్యం."

"బియ్యం మోసుకుంటూ ఎవరైనా కొండెక్కుతారా?"

డాక్టరుకి సిగ్గేసింది. బియ్యం, గిన్నెలు లాడ్జి వాడికి అప్పజెప్పాడు. టీచరు అడక్కముందే రెండు కిలోల రొట్టెల పొట్లం తీసి పక్కన పెట్టింది. అది చూసి మేస్త్రికి చిన్న సందేహం వచ్చింది.

"అయితే టీచరమ్మా, పైన తిండికేమీ లోటుండదుగా?"

తనని పరీక్షిస్తున్నాడనుకుంది టీచరు. ఆమె కూడా రోజూ పిల్లలకి జవాబు తెలిసిన ప్రశ్నలే వేస్తుంది. "మీకు తెలియనిదా అన్నగారూ" అని నవ్వింది. లోటుండదన్నమాట అనుకుని మేస్త్రి కూడా నవ్వాడు. పది గంటలకి నలుగురూ బయల్దేరారు.

మొదటి రెండు గంటలూ ప్రయాణం దివ్యంగా సాగింది. చల్లటి గాలి, పొడుగాటి చెట్లు, కింద అగ్గిపెట్టెల్లా ఇళ్లు. మేస్త్రి ముందు నడిచాడు. వీపున బరువున్నవాడు నిదానంగా నడవక తప్పదు, ఆ నిదానం చూసి వెనక ముగ్గురూ ముచ్చటపడ్డారు. "చూశారా, తొందరే లేదు. నేను కూడా ఘాట్ రోడ్డు మీద సెకండ్ గేర్లోనే పోయేవాణ్ని" అన్నాడు బాబాయ్.

పన్నెండున్నరకి దారి రెండుగా చీలింది. ఎడమది సన్నగా, గడ్డి పట్టి ఉంది. కుడిది వెడల్పుగా, బురదగా ఉంది. డాక్టరు పుస్తకం తీయబోతే మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు. బురదలో అడుగుజాడల దగ్గర గొంతుక్కూర్చుని వేలితో లోతు చూశాడు. ఎంత బరువు మోసినవాడి పాదం ఎంత దిగుతుందో అతనికి తెలుసు.

"ఇటు వెళ్లినవాళ్లు తలో యాభై కిలోలు మోస్తున్నారు" అన్నాడు. "గుడిసెకి సామాను మోసేవాళ్లు ఇలాగే వెళ్లుంటారు. పదండి కుడికి."

అతను చెప్పిన బరువు అక్షరాలా నిజం. ఆ మడమలు కొండ పైకి తిరిగి ఉన్నాయో కిందికి తిరిగి ఉన్నాయో చూడటం ఒక్కటే మరిచిపోయాడు.

రెండు గంటలకి ఆకలి మొదలైంది. మేస్త్రి మర్యాదస్తుడు కాబట్టి తిండి మాట వాళ్లే ఎత్తుతారని చూశాడు. వాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు కాబట్టి ముందు నడిచేవాడు ఆగమనేదాకా ఆగకూడదనుకున్నారు. మూడింటికి బాబాయ్ ఒక రాయి మీద కూలబడి, "నాయనా, నలభై ఏళ్లు బస్సు నడిపాను. ఎంత ఎక్స్‌ప్రెస్సైనా భోజనానికి ఒకచోట ఆపుతారు" అన్నాడు.

"ఆపుదాం" అన్నాడు మేస్త్రి సంతోషంగా. కూర్చున్నాడు. ముగ్గురూ కూర్చున్నారు. ముగ్గురూ అతన్ని చూశారు. అతను ముగ్గుర్నీ చూశాడు.

"తియ్యండి మరి అన్నగారూ" అంది టీచరు.

"ఏం తియ్యమంటారు?"

"మొహమాటం దేనికి, భోజనం."

"భోజనం మీరు కదా తెచ్చేది. పిలిచింది మీరు."

"మా భోజనం మీరే కదా దింపించారు."

"పైన దొరుకుతుందన్నది మీరే."

"నేనెప్పుడన్నాను? మీకు తెలియనిదా అన్నాను."

"నాకేం తెలుసమ్మా, నేనెప్పుడైనా కొండెక్కితేగా."

ఆ మాట మిగతావాళ్లకి ఎక్కడానికి కొంత సమయం పట్టింది. డాక్టరు లేచి సంచి తాళ్లు విప్పేశాడు. ఆకలి మీదున్న మనిషిని మేస్త్రి ఆపలేకపోయాడు. పెట్టె తెరిచారు. ఎర్రటి మఖమల్ మీద ఐదు ఇత్తడి గుండ్లు ఎండలో ధగధగలాడాయి. టీచరు ఐదింటినీ వరసగా చూసింది, ఐదోదాని కిందైనా ఏమైనా ఉంటుందేమోనని. డాక్టరు కిలో గుండు మీద చెయ్యి వేయబోయాడు.

"చెయ్యి తియ్యండి. చెమట పడితే చెడిపోతుంది" అన్నాడు మేస్త్రి. ఇంక దాచేదేముందని, గోడౌను సంగతి, సోమవారం పరీక్ష సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

"అంటే" అంది టీచరు, తరగతిలో ఆఖరి బెంచీ మీదికి వాడే గొంతుతో, "ఇరవై కిలోల ఇత్తడి వీపున పెట్టుకుని, నా రెండు కిలోల రొట్టెలు బరువన్నారా మీరు?"

"నేనేమీ అనలేదమ్మా. రొట్టెలు మీ అంతట మీరే తీశారు" అన్నాడు మేస్త్రి. అది నిజమే, అందుకే ఆమెకి ఇంకా కోపమొచ్చింది.

ఇంకో గంట నడిచాక గుడిసె వచ్చింది. అది వాళ్లు అనుకున్న గుడిసె కాదు. కొండ పక్క భుజం మీద మెట్లుమెట్లుగా దుంపల చేలు, వాటి మధ్య ఒక రేకుల షెడ్డు, నిండా బంగాళాదుంపల బస్తాలు. లోతైన అడుగులన్నీ అక్కడినుంచి కిందికి దిగినవే. షెడ్డు ముందు ఒక అవ్వ కూర్చుని బస్తాలు కుడుతోంది. నలుగుర్నీ ఎగాదిగా చూసి, "శిఖరం దారి అది కాదు, ఎడమది. వారానికోసారి ఎవరో ఒకరు ఇలా వస్తూనే ఉంటారు, చదువుకున్నవాళ్లు" అంది.

"నేను చదువుకోలేదవ్వా" అన్నాడు మేస్త్రి.

"అయినా వచ్చావుగా."

అవ్వ దారి తప్పినవాళ్లకి నీళ్లు ఇస్తుంది, దారి చూపిస్తుంది, అంతే. వారం వారం వచ్చేవాళ్లకి వండి పెట్టడం తన వల్ల కాదని ముందే చెప్పేసింది. బాబాయ్‌కి ఆకలి మీద బుర్ర పనిచేస్తుంది. మేస్త్రి భుజం మీద చెయ్యేసి, "అవ్వా, ఈయన్ని మామూలు మనిషి అనుకునేవు. తూకాల ఆఫీసరు. కాటాలన్నీ చూడ్డానికి వచ్చారు" అన్నాడు. మేస్త్రి నోరు తెరిచాడు. అవ్వ అప్పటికే పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, దానినిండా దుంపలు పోసేసింది. ఉడుకుతున్న వాసన రాగానే మేస్త్రి నోరు మూసుకున్నాడు.

నలుగురూ ఉప్పు అద్దుకుని దుంపలు తింటుంటే అవ్వ ఎదురుగా కూర్చుంది. "ఆఫీసరు బాబూ, నాకొక సందేహం. నేను ఇక్కడ బస్తాకి సరిగ్గా యాభై కిలోలు తూచి పోస్తాను. కింద గోడౌన్‌కి వెళ్లేసరికి నలభై ఎనిమిది అవుతుంది. ప్రతిసారీ అంతే. పన్నెండేళ్ల నుంచీ."

"వాళ్లనడిగారా?" అంది టీచరు.

"అడిగాను. కొండ మీద గాలి పల్చన కాబట్టి సరుకు బరువెక్కువ తూగుతుందంట, కిందికి దిగితే అసలు బరువు తేలుతుందంట. మేనేజరు బాబు చదువుకున్నవాడు, అతనే చెప్పాడు."

లెక్కల టీచరు చేతిలో దుంప కింద పెట్టేసింది. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఖాళీ గోనె మీద లెక్క వేసింది. నూటికి నాలుగు. ఈ కొండ మీద ఎన్ని ఇళ్లు, ఇంటికెన్ని బస్తాలు, పన్నెండేళ్లు. గోనె ఒకవైపు చాలక రెండోవైపు తిప్పింది. ఇంతలో డాక్టరు, "అన్నయ్యగారూ, మీరు సోమవారం వెళ్లాల్సిన గోడౌను ఇదే కదూ?" అన్నాడు.

మేస్త్రి దుంప తొక్క తీయడంలో పూర్తిగా మునిగిపోయాడు. పన్నెండేళ్లనగానే అతనికి పని మానుకున్న మెకానిక్కు గుర్తొచ్చాడు. పన్నెండేళ్లుగా పదకొండు కాటాలు చూసినవాడికి అందులో ఒక కాటా నూటికి నాలుగు తినేస్తోందని తెలియకుండా ఉండదు. అంటే తెలిసే ఊరుకున్నాడు. అంటే ఆ కాంట్రాక్టుకి ఊరుకోవడం కూడా ఒక షరతు. "ఇదే" అన్నాడు తలెత్తకుండా.

"సరిగ్గా మీరే రావాలని రాసిపెట్టుంది" అంది టీచరు. ఆమె కోపమంతా పోయింది. మేస్త్రికి ఆమె కోపంగా ఉంటేనే బాగుండేదనిపించింది.

ముందు అవ్వ కాటా పరీక్షించాల్సి వచ్చింది. అది దూలానికి వేలాడే పాతది. మేస్త్రి చేతులకి తొడుగులు వేసుకుని, గుండ్లు ఒక్కొక్కటిగా తగిలించాడు. ముల్లు ఇరవై మీద వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. "ఈ కాటా బంగారం" అన్నాడు. వృత్తిలో అతనికి అబద్ధం రాదు, అదొక లోపం.

ఆదివారం పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా దిగిపోదామని మేస్త్రి సంచి ఎత్తుకుని షెడ్డు బయటికొచ్చాడు. బయట పదిహేడు మంది ఉన్నారు. పక్క చేలవాళ్లంతా తమతమ కాటాలు పట్టుకుని ఆఫీసరు కోసం వరసలో నిలబడ్డారు. కొందరు తలకి కొత్త తువ్వాళ్లు కూడా కట్టుకుని వచ్చారు, ఫొటో తీస్తారేమోనని. బాబాయ్ అప్పటికే టోకెన్లు ఇస్తున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు మేస్త్రి పళ్ల మధ్య నుంచి.

"నాకేం తెలుసు నాయనా. అవ్వకి ఒక్కత్తెకే చెప్పాను. ఆవిడ గొంతు పెద్దది."

"నేను దిగిపోతున్నాను. రేపు పొద్దున తొమ్మిదికి గోడౌన్ దగ్గర ఉండాలి."

"కొండ మీద మంచు చూశారా? ఇవాళ నడిచి దిగితే తేలేది ఇంకో కొండ మీద. రేపు తెల్లారి బస్తాలు మోసేవాళ్లతో రోడ్డు దాకా దిగితే అక్కడ దుంపల లారీ ఉంటుంది, సరాసరి గోడౌన్‌కే. అందరం అందులోనే పోదాం."

"అందరమా?"

"అందరం. వీళ్లు కూడా వస్తారట, మీ పని చూడ్డానికి."

మేస్త్రి ఒక రాయి మీద కూర్చుని మొదటి కాటా అందుకున్నాడు. మొదట్లో పంటి బిగువున చేశాడు. అయిదో కాటాకి తనని తాను మరిచిపోయాడు. దుకాణంలో నెలకి మూడు కాటాలు చూసిన చేతులు ఒక్క పూటలో పదిహేడు చూశాయి. తుప్పు గీకాడు, ముల్లు సరిచేశాడు, స్ప్రింగు లాగాడు. "ఇది పావు తక్కువ. ఇది నూటయాభై గ్రాములు ఎక్కువ. దీన్ని పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చెయ్యి" అంటుంటే జనం చుట్టూ చేరి వింటున్నారు. డాక్టరు ప్రతి కాటా నంబరూ పుస్తకం వెనక అట్ట మీద రాశాడు. ఎవరూ లేచి స్టూలు ఇవ్వమని మేస్త్రిని అడగలేదు. మధ్యాహ్నానికి మంచు విడిపోయి ఎదురుగా శిఖరం కనబడింది. అప్పటికి దాన్ని ఎక్కాలని ఎవరికీ గుర్తు లేదు.

సోమవారం తొమ్మిది గంటలకి గోడౌన్ మేనేజరు గేటు తీయించేసరికి ఎదురుగా లారీ ఉంది. లారీలో బస్తాలు, బస్తాల మీద పదిహేడు మంది రైతులు, ఒక అవ్వ, ఒక టీచరు, ఒక పళ్ల డాక్టరు ఉన్నారు. అందరికంటే పైన, వీపున సంచితో, కాటా మేస్త్రి. బాబాయ్ ముందు సీట్లో కూర్చుని లారీ డ్రైవరుకి గేర్ల గురించి పాఠం చెబుతున్నాడు.

మేనేజరు మర్యాదస్తుడు. మేస్త్రిని లోపలికి పిలిచి, కుర్చీ వేయించి, కాంట్రాక్టు కాగితం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు. మేస్త్రి దుకాణాన్ని తలుచుకున్నాడు, కాగితం వైపు చూశాడు. జనం సగం దించిన షట్టరు కింద నుంచి తొంగి చూస్తుండగా, బల్ల పక్కనే ఉన్న పెద్ద కాటా దగ్గరికి వెళ్లి, తొడుగులు వేసుకుని, ఐదు గుండ్లూ పెట్టాడు. ముల్లు పంతొమ్మిది దాటింది, ఇంకొంచెం పాకింది, ఇరవైకి బాగా ఇవతలే ఆగిపోయింది.

"ఎనిమిది వందల గ్రాములు తక్కువ" అన్నాడు మేస్త్రి చిన్నగా.

"మీకు ముందున్నాయనకి ఎప్పుడూ తేడా కనబడలేదు" అన్నాడు మేనేజరు ఇంకా చిన్నగా. "ఆయనకి కళ్లజోడు కూడా ఉండేది. మీరు కూడా అలాగే చూస్తే పని పదేళ్లు మీదే."

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మేస్త్రి ఆ పూట పెన్ను కోసం చెయ్యి చాపాడు. అవ్వ కనబడుతోంది, టీచరు కనబడుతోంది, అయినా చాపాడు. అద్దె కట్టాల్సినవాడి చెయ్యి అది, దానిష్టం. సగం దూరం వెళ్లింది కూడా. ఆ ఒక్క నిమిషం మేనేజరు ఊరుకుని ఉంటే అంతా సజావుగా జరిగిపోయేది.

"ఏమైంది అన్నగారూ, ఎంత చూపించింది?" అని బయటినుంచి టీచరు కేక వేసింది.

మేనేజరు షట్టరు దగ్గరికి వెళ్లి అందరికీ వినబడేలా చెప్పాడు. "మా కాటా సరిగ్గానే ఉందమ్మా. ఈయన తెచ్చిన గుండ్లే దొంగవి. ఇరవై కిలోలని చెప్పి తెచ్చాడు, పంతొమ్మిది చిల్లర ఉన్నాయి."

మేస్త్రి చెయ్యి పెన్ను దగ్గర ఆగిపోయింది. అతనికి ఆ క్షణాన న్యాయం గుర్తు రాలేదు, రైతులు గుర్తు రాలేదు, పన్నెండేళ్ల దుంపలు కూడా గుర్తు రాలేదు. భుజాలు గుర్తొచ్చాయి. రెండు రోజుల పాటు ఆ పట్టీలు కోసిన చోట చర్మం ఇంకా మండుతోంది.

"ఏమన్నావు?" అన్నాడు.

"ఊరికే అన్నానండీ, వాళ్ల కోసం" అని మేనేజరు గొణిగాడు.

"ఈ గుండ్లు ఎంత ఉన్నాయో నీ ముల్లునడుగుతావా? నా వీపునడుగు. గ్రాముతో సహా చెబుతుంది." మేస్త్రి సంచిలోంచి పానా తీశాడు. కాటా కింద మూత ఊడదీసి, తలకాయ లోపల పెట్టి, రెండు మరలు వదులు చేసి ఒకటి బిగించాడు. మేనేజరు ఏదో చెబుతూనే ఉన్నాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. లేచి, షట్టరు తనే పైకెత్తి, "అవ్వా, నీ బస్తా ఒకటి తీసుకురా" అన్నాడు.

బస్తా ఎక్కించారు. పదిహేడు మందీ మెడలు చాచారు. ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఆగకుండా, పాత అలవాటు మీద కొంచెం తటపటాయించి, యాభై మీదికి వచ్చి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవ్వ దగ్గరికి వచ్చి ముల్లునే చూస్తూ, "అయితే గాలి పల్చన కాదన్నమాట" అంది. టీచరు గోనె విప్పి బల్ల మీద పరిచింది. దాని మీద ఎర్ర సిరాతో పన్నెండేళ్ల లెక్క ఉంది. మేనేజరు దాన్ని చదువుతూ కుర్చీలో కూర్చున్నాడు. చదవడం పూర్తికాకముందే కాంట్రాక్టు కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టేశాడు.

మధ్యాహ్నం బస్సు దగ్గరికి అందరూ వచ్చారు. డాక్టరు పుస్తకం మేస్త్రికి కానుకగా ఇవ్వబోయాడు, మేస్త్రి వద్దన్నాడు, బరువని. రైతులు మాత్రం అడక్కుండా ఒక దుంపల బస్తా తెచ్చి బస్సులో పడేశారు.

"వచ్చే సెలవులకి శిఖరం ఎక్కుదాం అన్నగారూ. మీరే ముందు నడవాలి" అంది టీచరు.

"నడుస్తాను. దారి మీరు చూడండి" అన్నాడు మేస్త్రి.

కండక్టరు బస్తాని కాలితో తట్టి చూశాడు. "ముప్పై కిలోలు రాసుకోనా? లగేజీ తగ్గుతుంది."

"యాభై" అన్నాడు మేస్త్రి. "యాభై అనే రాయి."

కండక్టరు వింతగా చూసి, యాభై కిలోలకి ముప్పై ఐదు రూపాయలు తీసుకుని టికెట్టు చింపాడు. మేస్త్రి పెట్టెని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. సొరుగులోకి వెళ్లిపోయిన ఆ కాగితంలో ఏడాదికి రాసి ఉన్నది అరవై ఎనిమిది వేల నాలుగు వందలు. లగేజీ టికెట్టుతో కలిపి మేస్త్రికి పోయింది అరవై ఎనిమిది వేల నాలుగు వందల ముప్పై ఐదు.